వృథా పోదు, వృథా పోనివ్వం

మా నాన్న ముప్ఫై రెండేళ్లు జిల్లా పరిషత్ హైస్కూళ్లలో సోషల్ చెప్పారు. ఎనిమిది, తొమ్మిది తరగతుల్లో నేనూ ఆయన క్లాసులోనే కూర్చున్నాను. ప్రజాస్వామ్యం పాఠం వచ్చిన రోజు బోర్డు మధ్యలో పెద్ద అక్షరాలతో ఒకే వాక్యం రాసేవారు: "ప్రజల యొక్క, ప్రజల చేత, ప్రజల కొరకు ఏర్పడిన ప్రభుత్వమే ప్రజాస్వామ్యం." కింద కుడి మూలన గీత గీసి అబ్రహాం లింకన్ అని పేరు. పరీక్షలో అది రెండు మార్కుల ప్రశ్న. తెలుగునాట బడికెళ్లిన ఎవరినైనా అర్ధరాత్రి లేపి అడగండి, తడుముకోకుండా చెప్తారు. లింకన్ ఆ మాట ఎక్కడ అన్నాడు, ఎవరి ముందు అన్నాడు, దానికి ముందు ఏముంది అని మేం అడగలేదు, నాన్న చెప్పలేదు. ఆయనకూ ఎవరూ చెప్పలేదట.

ఆ మాట పుట్టింది శ్మశానంలో. మూడింట రెండొంతుల శవాలను ఇంకా అక్కడికి చేర్చనే లేదు. అక్కడ నిలబడి లింకన్ జనం చేత ఒక ఒట్టు వేయించబోయాడు. ఆ ఒట్టులోంచి క్రియాపదాన్ని కోసి పక్కన పడేసి, మిగిలిన ముక్కను మనం నిర్వచనమని బట్టీ పట్టాం. ఇదంతా రాయడానికి కారణం ఆ పోయిన క్రియాపదమే.

కిందటేడు వేసవిలో అమ్మానాన్నలు మా దగ్గరికి వచ్చారు. మేముండేది వర్జీనియాలో. అందరిలాగే నయాగరా, న్యూయార్క్ తిప్పాం. గెట్టీస్‌బర్గ్ మాకు గంటన్నర దూరం. ఒక శనివారం పొద్దున్నే పులిహోర డబ్బాలో సర్దుకుని బయల్దేరాం. దారిలో నాన్నకి చెప్పాను, మీరు బోర్డు మీద రాసే వాక్యం పుట్టిన ఊరికే వెళ్తున్నామని. ఆయన నమ్మలేనట్టు చూశారు. "అది పార్లమెంటులో చెప్పింది కాదా?" అన్నారు.

గెట్టీస్‌బర్గ్ పెన్సిల్వేనియాలో చిన్న ఊరు. 1863 లో అక్కడ ఉన్నది 2,400 మంది. అప్పుడు అమెరికాలో అంతర్యుద్ధం నడుస్తోంది. బానిసత్వాన్ని కాపాడుకోవడానికి దేశం నుంచి విడిపోయిన దక్షిణాది రాష్ట్రాల సైన్యం, దేశాన్ని ఒక్కటిగా నిలపాలన్న ఉత్తరాది సైన్యం, రెండూ కలిపి లక్షన్నరకు పైగా సైనికులు ఆ ఊరి చుట్టూ పొలాల్లో, గుట్టల మీద ఢీకొన్నారు. జులై 1, 2, 3. చనిపోయినవాళ్లు, గాయపడ్డవాళ్లు, పట్టుబడ్డవాళ్లు, ఆచూకీ లేనివాళ్లు అందరినీ కలిపితే మూడు రోజుల్లో 51,000 దాకా లెక్క తేలింది. ప్రాణాలు పోయినవాళ్లే ఏడు వేలకు పైన.

యుద్ధ చరిత్రలు ఎవరు ఎటు నుంచి దాడి చేశారో చెప్పి అక్కడితో ఆగిపోతాయి. నాకు మాత్రం జులై 4 తర్వాత ఏం జరిగిందన్నదే ముఖ్యం. ఎందుకంటే లింకన్ మాట్లాడింది ఆ తర్వాత మిగిలిన దాని మీద నిలబడి. సైన్యాలు వెళ్లిపోయాయి. శవాలు, వేల గుర్రాల కళేబరాలు, పదివేలకు పైగా గాయపడ్డ మనుషులు ఆ చిన్న ఊరి మీద పడ్డారు. ఎండాకాలం. వాసన భరించలేక జనం ముక్కు దగ్గర పెప్పర్‌మెంట్ నూనె పెట్టుకుని తిరిగేవాళ్లు. హడావుడిగా మూరెడు లోతున పూడ్చిన శవాలు వానలకు బయటపడ్డాయి.

ఊరి శ్మశానం పేరు ఎవర్‌గ్రీన్. దాని కాపరి సైన్యంలో చేరి ఎక్కడో ఉన్నాడు. అతని భార్య ఎలిజబెత్ థార్న్‌కి అప్పుడు ఆరో నెల. ఆమె, ముసలివాడైన ఆమె తండ్రి కలిసి ఆ వేసవిలో సుమారు వంద గోతులు తవ్వి శవాలను పూడ్చారు. శ్మశానం గేటు దగ్గర ఇప్పుడు ఆమె విగ్రహం ఉంది. నిండుకడుపు, పక్కన పార. అమ్మ అక్కడి నుంచి చాలాసేపు కదల్లేదు. "ఆరో నెల్లో మా అత్తగారు నన్ను బిందె ఎత్తనివ్వలేదు" అంది. తర్వాత కారెక్కేదాకా ఇంకేం మాట్లాడలేదు.

చనిపోయినవాళ్లను ఇలా వదిలేయకూడదని డేవిడ్ విల్స్ అనే స్థానిక లాయరు పూనుకున్నాడు. గవర్నర్ తరఫున 17 ఎకరాలు కొన్నాడు. పొలాల్లోంచి శవాలను తీసి కొత్త శ్మశానానికి చేర్చే పనికి టెండర్లు పిలిస్తే, శవానికి 1 డాలర్ 59 సెంట్లకు కాంట్రాక్టు ఖాయమైంది. చేతులతో ఆ పని చేసింది నల్లజాతి కూలీలు. వాళ్లకు మేస్త్రీ బేసిల్ బిగ్స్ అనే నల్లజాతి రైతు. దక్షిణాది సైన్యం వస్తోందని తెలిసి ఇల్లు వదిలి పారిపోయిన మనిషి ఆయన. పారిపోక తప్పదు. పెన్సిల్వేనియాలో స్వేచ్ఛగా బతుకుతున్న నల్లవాళ్లను కూడా ఆ సైన్యం పట్టి బానిసలుగా దక్షిణానికి తోలుకుపోయింది. తిరిగి వచ్చిన బిగ్స్, తనని కాపాడడానికి చచ్చిపోయినవాళ్లను ఒక్కొక్కరిగా నేలలోంచి తీసి పెట్టెల్లో సర్దాడు. పనిని పర్యవేక్షించిన శామ్యూల్ వీవర్ ఇనుప కొక్కెంతో ప్రతి జేబూ వెతికేవాడు. ఉత్తరమో, బైబిలో, ఫొటోనో దొరికితే పేరు తెలిసేది. మూడున్నర వేల మందికి పైగా అక్కడికి చేరారు. వాళ్లలో 979 మంది ఎవరో తెలియలేదు.

ఆ 979 మందికి సమాధిరాళ్లు లేవు. నేల మట్టానికి చిన్న చిన్న చదరపు పాలరాళ్లు, ఒక్కోదాని మీద ఒక నంబరు. అంతే. నాన్న మోకాళ్ల నొప్పులతోనే ఒకదాని పక్కన కూర్చున్నారు. రాయి అంచుల మీదికి పాకిన గడ్డిని చూపుడువేలితో పక్కకు నెట్టారు. మూడంకెల నంబరు బయటపడింది. వేలితో ఆ అంకెల మీద రాసినట్టు తిప్పారు. "పేరు రాయని రోల్ నంబర్లు రా ఇవి" అన్నారు. ముప్ఫై రెండేళ్లు హాజరు పట్టీ పిలిచిన మనిషి అన్న మాట అది. నాకు గొంతు పట్టేసింది.

సమాధులన్నీ అర్ధచంద్రాకారపు వరసల్లో ఉంటాయి. పెద్ద అధికారికి ముందు చోటు, మామూలు సిపాయికి వెనక చోటు అన్నది లేదు. ఆ నమూనా గీసిన విలియం సాండర్స్‌ని లింకన్ వాషింగ్టన్‌లో పిలిపించుకుని, కాగితం మీద చూసి తెలుసుకుని మరీ బయల్దేరాడు. ఈ ప్రసంగాన్ని ఆయన ఏదో కవరు వెనక రైల్లో గీకేశాడన్న కథ ఒకటుంది. అది కట్టుకథ. ఒక్కో మాటా తూచి రాసుకున్నాడు.

నిజానికి ఆ కొత్త శ్మశానాన్ని అంకితం చేసే సభలో ముఖ్య వక్త లింకన్ కాదు, ఎడ్వర్డ్ ఎవరెట్. దేశంలో పేరు మోసిన ఉపన్యాసకుడు. తయారవడానికి టైమ్ కావాలని ఆయన అడిగితే అక్టోబరు 23న జరగాల్సిన సభను నవంబరు 19కి మార్చారు. లింకన్‌కి ఆహ్వానం రాసింది నవంబరు 2న, సభకు పదిహేడు రోజుల ముందు. సందర్భానికి తగ్గట్టు నాలుగు మాటలు చెప్పండి అని. ఎవరెట్ 13,000 పైచిలుకు మాటలతో రెండు గంటలు మాట్లాడాడు. ఆయన్ని ఇప్పుడు తీసిపారేయడం అలవాటైపోయింది, నాకది నచ్చదు. ఆ మూడు రోజుల యుద్ధాన్ని కళ్లకు కట్టినట్టు చెప్పాడు, బిడ్డల్ని పోగొట్టుకున్నవాళ్లకి అది కావాలి. మర్నాడు లింకన్‌కి ఉత్తరం రాస్తూ, మీరు రెండు నిమిషాల్లో అసలు విషయానికి వచ్చినంత దగ్గరగా నేను రెండు గంటల్లో వచ్చానని చెప్పుకోగలిగితే సంతోషిస్తానన్నాడు. అలా ఒప్పుకోవడానికి పెద్ద మనసుండాలి.

లింకన్ చెప్పింది సుమారు 270 మాటలు. ఆయన నిలబడ్డప్పటికి మూడో వంతు శవాలనే కొత్త సమాధుల్లోకి చేర్చారు. ఆ ప్రసంగంలో "నేను" అన్న మాట లేదు. శత్రువు అన్న మాట లేదు. ఒక్క సేనాని పేరు లేదు, ఉత్తరం దక్షిణం లేదు, గెలిచాం అన్న మాట లేదు. గెట్టీస్‌బర్గ్ అన్న పేరే లేదు.

"నాలుగు ఇరవైల మీద ఏడేళ్ల కిందట" అని మొదలుపెట్టాడు. ఎనభై ఏడు అనొచ్చు. కానీ అది బైబిల్ భాష, అక్కడ కూడినవాళ్ల చెవుల్లో చిన్నప్పటి నుంచి ఉన్న భాష. నాకైతే మా నాయనమ్మ గుర్తొచ్చింది. కొబ్బరికాయలు ఇరవైల్లోనే లెక్కపెట్టేది, మూడిరవైల మీద నాలుగు అనేది. అలా లెక్కపెడితే ఒక్కో ఇరవయ్యీ చేతికి బరువుగా తగులుతుంది. 1863 లోంచి 87 తీసేస్తే 1776. అమెరికా స్వాతంత్ర్య ప్రకటనలో మనుషులందరూ సమానంగా పుట్టారని చాటిన సంవత్సరం. ఆ తర్వాత అన్నీ పుట్టుక మాటలే. తండ్రులు ఈ నేల మీద ఒక కొత్త జాతిని కన్నారు, అది స్వేచ్ఛ కడుపున పడింది, ఇప్పుడు దానికి మరో పుట్టుక రావాలి. శవాల మధ్య నిలబడి పురిటి మాటలు మాట్లాడాడు. ఎలిజబెత్ థార్న్ గురించి ఆయనకు తెలిసి ఉండకపోవచ్చు. విగ్రహం చూసొచ్చాక చదివితే మాత్రం ఆ మాటలు వేరేగా వినిపిస్తాయి.

మధ్యలో ప్రసంగం ఒక్కసారి తిరగబడుతుంది. ఈ నేలను అంకితం చేయడానికి వచ్చాం అని అప్పటిదాకా చెప్పి, అంకితం చేయడం మన వల్ల కాదు అంటాడు. ఇక్కడ పోరాడినవాళ్లు, బతికున్నవాళ్లూ చనిపోయినవాళ్లూ, దీన్ని ఎప్పుడో పావనం చేసేశారు. దానికి కలపడానికీ తీసేయడానికీ మన బోటి వాళ్ల శక్తి చాలదు. మరి మనం చేయాల్సిందేమిటి? వాళ్లు ఇంతవరకు నడిపి మధ్యలో వదిలిన పనికి, మనల్ని మనం అంకితం చేసుకోవడం. మనకు అంకితం అంటే కవి కావ్యాన్ని ఇవ్వడం, ఎవరికిచ్చాడన్న దాన్ని బట్టి ఆ కవిని తూచడం. లింకన్ అంకితం ఇమ్మన్నది నేలనీ రాతినీ కాదు, ఎదురుగా నిలబడి వింటున్న జనాన్ని.

ఇక చివరి వాక్యం. అదొక్కటే ప్రసంగంలో దాదాపు మూడో వంతు ఉంటుంది. సైనికుల శ్మశానం గేటు దగ్గర 1912 లో కట్టిన స్మారకం ఉంది. దాని మీద రెండు కంచు పలకలు, ఒకదాని మీద విల్స్ రాసిన ఆహ్వానం, ఇంకోదాని మీద ప్రసంగం. నాన్న కళ్లజోడు పైకి జరుపుకుని ప్రసంగం మొత్తం నెమ్మదిగా చదివారు. చివరికి వచ్చేసరికి వెనక్కి వెళ్లి మళ్లీ చదివారు. "ఒరేయ్, ఇది డెఫినిషన్ కాదురా" అన్నారు. "ఇక్కడ ఇంకో క్రియ ఉంది."

ఉంది. తెలుగులో పెట్టుకుంటే సుమారుగా ఇలా వస్తుంది: ఈ చనిపోయినవాళ్ల చావు వృథా పోనివ్వమని, ఈ జాతికి స్వేచ్ఛ మళ్లీ పుట్టాలని, ప్రజల యొక్క, ప్రజల చేత, ప్రజల కొరకు సాగే ప్రభుత్వం భూమ్మీద నుంచి నశించిపోకూడదని మనం ఇక్కడ గట్టిగా నిశ్చయించుకోవాలి. మన భాషలో క్రియ చివర వస్తుంది, బరువంతా దాని మీదే పడుతుంది. "నిశ్చయించుకోవాలి" తీసేస్తే మిగిలేది షష్ఠి, తృతీయ, చతుర్థి. మూడు విభక్తులు. వ్యాకరణం మాస్టారు మార్కులేస్తారు, ఎవరికీ ఏ పనీ పడదు. నిర్వచనం బాగుంటే మెచ్చుకుంటాం, తలకెక్కించుకుంటాం. ఒట్టు వేసినవాడు దాన్ని నిలబెట్టుకోవాలి, లేకపోతే తప్పాలి. ఇంకో దారి లేదు.

నాకు పద్నాలుగేళ్లప్పుడు మా పక్క ఊరికి ఒక జవాన్ శవం వచ్చింది. జెండా కప్పిన పెట్టె, ట్రాక్టరు మీద మైకు, బడి పిల్లలం రోడ్డుకి రెండు వైపులా. పెద్దవాళ్లు ఒకరి తర్వాత ఒకరు మాట్లాడారు. అందరి నోటా ఒకటే మాట, "అమరుడి త్యాగం వృథా పోదు." అప్పుడు ఒళ్లు గగుర్పొడిచింది, నేనూ గొంతు చించుకుని జై కొట్టాను. ఐదేళ్ల తర్వాత సెలవుల్లో వెళ్తే, ఆ జవాన్ భార్య ఇస్తామన్న ఇంటి స్థలం కోసం ఇంకా ఒక ఆఫీసు చుట్టూ తిరుగుతోందని తెలిసింది. ఆ రోజు మాట్లాడినవాళ్లు అబద్ధం ఆడారని నేననను. వాళ్ల కళ్లల్లో నీళ్లు నేను చూశాను. లోపం వాళ్లు వాడిన క్రియలో ఉంది. "వృథా పోదు" అంటే అదంతట అదే పోకుండా ఉంటుంది, తెల్లారితే సూర్యుడు వచ్చినట్టు. అందులో కర్త లేడు. "వృథా పోనివ్వం" అంటే "మేము" వచ్చి కూర్చుంటుంది. ఏమయ్యా, పోనివ్వం అన్నావు కదా అని ఆ అమ్మాయి రేపు వెళ్లి అడగొచ్చు.

ఇదే మాట పట్టుకుని నా స్నేహితుడొకడు నాతో గట్టిగా వాదించాడు. చనిపోయినవాళ్ల చావు వృథా పోనివ్వం అన్న మాటతోనే కదా ప్రతి దేశం యుద్ధాన్ని సాగదీసేది, పోయినవాళ్ల పేరు చెప్పి ఇంకొంతమందిని పంపేది అన్నాడు. తేలిగ్గా కొట్టిపారేసే మాట కాదది. గెట్టీస్‌బర్గ్ ప్రసంగం తర్వాత కూడా ఆ యుద్ధం ఏడాదిన్నర దాకా నడిచింది, ఇంకా ఎంతమందో పోయారు. రెండు మూడు రోజులు ఆలోచించాను. వృథా పోనివ్వం అన్నవాడు ఏ పని కోసమో కూడా చెప్పాలి, వినేవాడు అది అడగాలి. పరువు కోసమనో, పగ కోసమనో అయితే నా స్నేహితుడు చెప్పిందే నిజం. లింకన్ పని పేరు మొదటి వాక్యంలోనే చెప్పాడు, మనుషులందరూ సమానం అన్న మాటను నిలబెట్టడం అని. బానిసత్వం అన్న మాట పలక్కపోయినా, అదే ఏడాది జనవరి 1న బానిస విముక్తి ప్రకటన ఇచ్చిన మనిషి నోటి వెంట ఆ మాట వస్తే అర్థం కానిది ఎవరికి?

బాగా అర్థమైంది ఆయన్ని తిట్టినవాళ్లకే. చికాగో టైమ్స్ పత్రిక ఆ ప్రసంగం చదివి ప్రతి అమెరికన్ సిగ్గుపడాలని రాసింది. దాని వాదన ఏమిటంటే, రాజ్యాంగంలో సమానత్వం లేదు, బానిసత్వం ఉంది, ఈ సైనికులు చచ్చింది ఆ రాజ్యాంగం కోసం, వాళ్ల సమాధుల మీద నిలబడి వాళ్లెందుకు చచ్చారో మార్చి చెప్పడానికి ఈయనకెంత ధైర్యం అని. ఒక లెక్కన ఆ పత్రిక చెప్పింది నిజమే. లింకన్ మార్చాడు. 1787 రాజ్యాంగాన్ని దాటి 1776 ప్రకటన దగ్గరికి వెళ్లి, దేశం పుట్టింది అక్కడ అన్నాడు. ఆ ప్రకటన రాసిన జెఫర్సన్ ఇంట్లోనే బానిసలున్నారు. రాసినవాడు పాటించని మాటను తీసుకుని, ఇన్ని వేల చావుల బరువు దాని మీద పెట్టి, ఇక తప్పించుకోలేరు అన్నాడు. మెచ్చుకున్నవాళ్లు భాష బాగుందన్నారు. కోపం వచ్చినవాళ్లు మాత్రం విషయం విన్నారు.

ఒట్టు వేస్తే సరిపోలేదు. 1865 చివర్లో బానిసత్వం రద్దయింది. అయినా ఆ ఊళ్లోనే, అంతర్యుద్ధంలో పోరాడిన నల్లజాతి సైనికులు ముప్ఫై మంది దాకా వేరే శ్మశానంలో పడుకుని ఉన్నారు. 1913 లో యుద్ధానికి యాభై ఏళ్లని 50,000 మందికి పైగా ముసలి సైనికులు రెండు వైపుల నుంచీ వచ్చి చేతులు కలుపుకున్నారు. పాత పగలన్నీ మర్చిపోయామని అధ్యక్షుడు విల్సన్ వచ్చి మాట్లాడాడు. అదే ఏడు ఆయన ప్రభుత్వం వాషింగ్టన్ ఆఫీసుల్లో నల్లవాళ్లను వేరే గదుల్లో కూర్చోబెడుతోంది. యాభై ఏళ్లకే ఒట్టు మళ్లీ "వృథా పోదు" అయిపోయింది. ఇంకో యాభై ఏళ్లు గడిచాక, 1963 ఆగస్టు 28న, మార్టిన్ లూథర్ కింగ్ లింకన్ విగ్రహం ముందు నిలబడి "అయిదు ఇరవైల ఏళ్ల కిందట" అని మొదలుపెట్టాడు. ఆ ఇరవైల లెక్క ఊరికే వాడలేదు. పోనివ్వం అన్నారు కదా అని అడగడానికి వచ్చాడు.

నాన్న ఆగస్టులో ఇండియా వెళ్లిపోయారు. మొన్న జనవరి 26న పాత బడివాళ్లు జెండా పండక్కి పిలిస్తే వెళ్లారట. హెడ్మాస్టారు పిల్లలకి ఏదైనా చెప్పండి మాస్టారూ అంటే, తొమ్మిదో తరగతి గదిలోకి వెళ్లి లింకన్ వాక్యం ఈసారి మొత్తం రాశానన్నారు ఫోన్లో. "బోర్డు చాల్లేదురా. చివరి మాటకి చోటు లేకపోతే కింద చెక్క ఫ్రేము మీద రాశాను."